కంచు నాణేల గది

సింగపూర్ వచ్చిన కొత్తలో పాసిర్ రిస్‌లో ఒక స్నేహితురాలి ఇంట్లో, హాల్లో పరుపు వేసుకుని పడుకునేదాన్ని. నా ఉద్యోగం క్లెమెంటి దగ్గరి విశ్వవిద్యాలయంలో. ద్వీపానికి ఆ కొస నుంచి ఈ కొసకు రోజూ ట్రైన్‌లో నిలబడి వెళ్ళేసరికే సగం ప్రాణం పోయేది. అందుకని క్లెమెంటిలో గది వెతకడం మొదలుపెట్టాను. ఒకచోట వంట కుదరదన్నారు. ఇంకోచోట వంట చేసుకోవచ్చు కానీ పోపు వాసన పడదన్నారు. ఒకావిడ ఫోన్లో నా పేరు వినగానే గది ఇచ్చేశామని చెప్పి పెట్టేసింది. మర్నాడు చూస్తే ఆ గది ప్రకటన అలాగే ఉంది.

మా ల్యాబ్‌లో పనిచేసే తమిళావిడ ఒక పెద్దాయన గురించి చెప్పింది. "తెలుగాయనే. కానీ మీ ఊరి తెలుగు కాదు, ఇక్కడి తెలుగు," అంది.

వెళ్ళాక ఆ మాట అర్థమైంది. ఆయన తాత ఎప్పుడో కొబ్బరి తోటల్లో పనికని మలయా వచ్చాడట. ఇన్ని తరాల తర్వాత కూడా ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. అయితే అందులో సగం తమిళం, పావు వంతు మలయ్ కలిసిపోయాయి. "భోంచేశావా" అని ఆయన ఎప్పుడూ అడగలేదు. "మకాన్ ఆచ్చా అమ్మా?" అనేవారు. పళ్ళ డాక్టర్ల కోసం కట్టుడు పళ్ళు తయారుచేసే పనిలో జీవితమంతా గడిపి రిటైరయ్యారు. భార్య పోయారు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఒక్కరే.

"వంట చేసుకో. పోపు పెట్టుకో, చేపలు వండుకో, నాకేం లేదు. ఒకే ఒక కండిషన్. నీ గది కిటికీ మాత్రం తెరవకూడదు," అన్నారు.

"వాన జల్లు లోపలికొస్తుందనా అంకుల్?"

"వాన కాదమ్మా. గాలి."

గది తలుపు తీసి చూపించారు. లోపల అడుగు పెట్టగానే నాలుక తడారిపోయినట్టనిపించింది. ఒక మంచం, ఒక బల్ల, గోడ పొడవునా పల్చటి సొరుగులున్న ఇనుప బీరువా. మూలన నడుమెత్తు యంత్రం ఒకటి ఆగకుండా గుయ్యిమంటోంది. గాలిలోని తేమను పీల్చి, నీళ్ళు చేసి, కింద ఉన్న తొట్టెలో నింపే యంత్రం అది. గోడకు తేమ కొలిచే మీటరు. కిటికీ రెక్కల సందుల్లో తెల్లటి సీలు టేపు.

"నలభై దాటకూడదు," అన్నారు మీటరు చూపించి. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తొట్టె ఖాళీ చెయ్యాలి. నా నడుము సహకరించట్లేదు. ఆ పని నువ్వు చేస్తే బాడుగ తగ్గిస్తాను."

ఆయన చెప్పిన బాడుగ విన్నాక నేను ఇంకేమీ అడగలేదు. బీరువాలో ఏముందని కూడా అడగలేదు.

సామాను సర్దుకున్న రోజు సాయంత్రం ఆయనే చెప్పారు. గ్రీకు రాజులు ఈజిప్టునూ సిరియానూ ఏలిన కాలంనాటి కంచు నాణేలు. పనిచేసే రోజుల్లో ఒకటీ ఒకటీ పోస్టులో తెప్పించుకున్నారు. వెండి, బంగారం జోలికి పోలేదు. ఒక సొరుగు లాగి, బరువైన ముదురు గోధుమరంగు బిళ్ళను నా అరచేతిలో పెట్టారు. చిన్న తూకపు రాయిలా ఉంది. ఒకవైపు గడ్డం ఉన్న దేవుడు, చెవి పక్కన పొట్టేలు కొమ్ము. రెండోవైపు పిడుగు మీద నిలబడ్డ గద్ద. రెండు ముఖాల మధ్యలోనూ చిన్న గుంట, సూదిమొనతో పొడిచినట్టు.

"ఈ గుంట ఎందుకంకుల్?"

"బిళ్ళను తిప్పి సాపు చేసేటప్పుడు పట్టుకోవడానికంటారు. నేనైతే చెయ్యి చూస్తాను అందులో. పనివాడి చెయ్యి."

తర్వాత ఆయన నేనేం పని చేస్తానని అడిగారు. మడ అడవుల్లో బురద తవ్వి తెచ్చి, ల్యాబ్‌లో పరీక్షిస్తానని చెప్పాను. ఆయన ముఖంలో రంగు మారింది. నాణెం నా చేతిలోంచి తీసేసుకున్నారు.

"ఉప్పు నేల కదమ్మా అది!"

ఆ రోజు నుంచి ఇంకో కండిషన్ వచ్చి చేరింది. నా బూట్లు బయట కారిడార్‌లోనే విడవాలి. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే నా గదిలోకి నేను వెళ్ళాలి.

ఉప్పంటే ఎందుకంత భయమో కొద్ది రోజుల్లో తెలిసింది. ఆ నాణేలకు ఒక తెగులు వస్తుంది. కంచు తెగులు అని ఆయనే తెలుగులో పేరు పెట్టుకున్నారు. వేల ఏళ్ళు మట్టిలో ఉన్నప్పుడు లోహంలోకి కొంత ఉప్పు చేరి ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం అది నిద్రపోతుంది. తేమ తగిలిందా, లేచి లోపల్నుంచి తినేస్తుంది. ముందు లేత ఆకుపచ్చ పొడి చుక్కలా కనిపిస్తుంది. గోకితే కింద గుంట. వదిలేస్తే దేవుడి ముక్కు పోతుంది, గద్ద రెక్క పోతుంది, చివరికి నాణెమే పిండి అవుతుంది. ఎండ, వాన, ఉక్క తప్ప మరో కాలం లేని ఈ ఊళ్ళో ఆయన ముప్పొద్దులా దానితో యుద్ధం చేస్తున్నారు. ఒకప్పుడు కెమెరాలు దాచుకునే డ్రై క్యాబినెట్‌లో పెట్టేవారట. అది ఆయనకు తెలియకుండా పాడైపోయి, తెరిచేసరికి ఒక అరంతా పచ్చబడింది. అప్పట్నుంచి పెట్టెల్ని నమ్మడం మానేసి, గదినే పెట్టెలా మార్చారు.

ఆ పెట్టెలో నేను కాపురం పెట్టాను.

అనంతపురం ఎండల్లో పెరిగినదాన్ని, పొడిగాలి నాకు కొత్త కాదు. కానీ మా ఊరి గాలి కదులుతుంది. సందులో దుమ్ము లేపుతుంది, తలుపు కొడుతుంది, పక్కింటి పోపు వాసన మోసుకొస్తుంది. ఈ గదిలో గాలి కదలదు. పెదాలు పగిలాయి. కళ్ళు మండేవి. పగలంతా మోకాలి లోతు బురదలో చెమటలు కారుస్తూ తిరిగి, ఇంటికొచ్చి ఆ తలుపు మూసుకుంటే ఒంట్లోని నీరంతా ఆ యంత్రమే పీల్చుకుంటోందనిపించేది. తొట్టె ఎత్తి బాత్రూమ్‌లో పారబోస్తున్నప్పుడు, ఇందులో నా పాలెంతో అనుకునేదాన్ని.

కిటికీ అద్దంలోంచి కింద ఆటస్థలం కనిపించేది. పిల్లలు నోళ్ళు తెరిచి అరుస్తున్నట్టు తెలుస్తుంది, అరుపు వినిపించదు. వాన పడుతున్నట్టు చెట్లు ఊగితే తెలుస్తుంది, వాసన రాదు.

గదికన్నా ఆ తొట్టె నన్ను ఎక్కువ కట్టేసింది. సాయంత్రం ఇంటికి రావాల్సిందే. ల్యాబ్‌వాళ్ళు భోజనానికి హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ వేసి టేబుల్ చోప్ చేశాం, రమ్మంటే రాలేనని చెప్పేదాన్ని. శని, ఆదివారాలు ఎక్కడికైనా పోదామంటే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ నీళ్ళు గుర్తొచ్చేవి. నేను తలుపు తీసేసరికి ఆయన హాల్లో టీ పెట్టుకుని, గుడ్డ మీద ఒక నాణెం పరిచి, పక్కన భూతద్దం పెట్టుకుని కూర్చుని ఉండేవారు.

ఆ నాణేలు నాకు నచ్చలేదని చెప్తే అబద్ధం. సిరియా రాజులు ఒకప్పుడు అంచుల్ని రంపం పళ్ళలా చేయించారు, సోడా సీసా మూతల్లా. "నా జాతి నాణేలివి, పళ్ళున్నాయి చూడు," అని ఆయన నవ్వేవారు. ఒకదాని మీద ఏనుగు. ఇంకోదాని మీద రాజు ముఖం చెంపకు అడ్డంగా తర్వాతి వాళ్ళెవరో లంగరు ముద్ర కొట్టారు. కట్టుడు పళ్ళు గీకే సన్నటి పనిముట్టుతో ఆ లంగరు చుట్టూ మట్టి తీస్తూ ఆయన చెప్పేవారు.

"వెండి నాణెం సముద్రం దాటేదమ్మా. దాని తూకమే దాని విలువ. ఎక్కడైనా తీసుకుంటారు. ఇది అట్లా కాదు. రాజు చెల్లుతుందన్నాడు గనక చెల్లింది. ఊరి పొలిమేర దాటిందంటే ఎవడికీ అక్కర్లేదు. అందుకే ఇవి ఎక్కడ పుట్టాయో అక్కడే తిరిగి, అక్కడే అరిగిపోయాయి. రొట్టెలకి, చేపలకి, పడవ దాటించినందుకు. మామూలు మనుషుల చేతులు పడ్డవి ఇవే."

నా బ్యాగులో వర్క్ పాస్ కార్డు ఉంది. దాని మీద ఒకే యజమాని పేరు. ఆ ఉద్యోగం పోతే ఈ ఊళ్ళో నేనూ చెల్లను. ఆ మాట ఆయనతో అనలేదు. టీ తాగి, కప్పు కడిగి, నా గదిలోకి వెళ్ళాను.

కొన్ని నెలలు గడిచాక మలేసియాలోని పెరాక్‌లో ఉన్న ఆయన అక్కగారికి తుంటి ఎముక విరిగిందని ఫోన్ వచ్చింది. ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆ నిలబడడంలోనే విషయం అర్థమైంది.

"యంత్రం వదిలి నేను ఎక్కడికీ వెళ్ళి చాలా ఏళ్ళయిందమ్మా. అక్కని చూడక కూడా అన్నేళ్ళయింది. ఒక్క వారం. నువ్వుంటే ధైర్యంగా పోతాను."

"పోయి రాండి అంకుల్, నేను చూసుకుంటాను," అన్నాను. ఎవరైనా అదే అంటారు.

వారం దాటింది. అక్కగారు లేచి నడవడం లేదు. ఇంకో వారం అన్నారు. తర్వాత వారం అనే మాట కూడా మానేశారు. "రోజూ మీటరు ఫోటో పంపు," అనేవారు. పొద్దున, సాయంత్రం పంపేదాన్ని. ఆయన లేని ఇంట్లో యంత్రం చప్పుడు ఇంకా పెద్దదైంది. వంటింట్లో నిలబడ్డా వినిపించేది.

అప్పుడే పాసిర్ రిస్ స్నేహితురాలు ఫోన్ చేసింది. తన పక్క గది ఖాళీ అవుతోందట. "సముద్రం గాలి నేరుగా లోపలికొస్తుందే. రెండు కిటికీలు. ఓనరుకి ఆదివారంలోపు చెప్పాలి," అంది. రెండు కిటికీలనే మాట ఆమె చేత ఇంకోసారి చెప్పించుకున్నాను. దూరమైనా సరే అనుకున్నాను. ట్రైన్‌లో నిలబడతాను, ఫరవాలేదు.

పెరాక్‌కి ఫోన్ చేశాను. విషయం ఎత్తేలోపే ఆయన అక్కగారికి ఆ పూట రెండడుగులు వేయించిన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు. "నీ పుణ్యం అమ్మా. నువ్వు లేకపోతే నేను ఈ పూట ఇక్కడ ఉండేవాణ్ణి కాదు," అన్నారు. నేను విని, సంతోషమని చెప్పి, ఫోన్ పెట్టేశాను. ఆదివారం దాటింది. ఆ గది ఎవరో తీసుకున్నారు.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఆయన నన్ను ఆపలేదు. తలుపుకు తాళం వేయలేదు. అయినా కాళ్ళు కదల్లేదు.

తర్వాత ఒకరోజు పొద్దున్నే మడ అడవికి వెళ్ళాల్సి వచ్చింది. రోజంతా కుండపోత. సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తీస్తే నిశ్శబ్దం. బాత్రూమ్‌లో నీళ్ళు వేడిచేసే హీటరులోకి తడి చేరి, ఇంటి మెయిన్ స్విచ్ పడిపోయింది. చేతులు కడుక్కోవడం కూడా మరిచి గదిలోకి పరుగెత్తాను. మీటరు డెబ్బై దాటి ఉంది. బెడ్‌షీటు మెత్తగా, చల్లగా తగిలింది. అంతకాలం నేను కోరుకున్న గాలి అదే. దాన్ని తరిమెయ్యడానికి మళ్ళీ స్విచ్‌ల దగ్గరికి పరుగెత్తాను.

హీటరు స్విచ్ ఆపేసి మెయిన్ వేశాను. వెంటనే ఆయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. మీటరు ఎంతుందని ఆయన రెండుసార్లు అడిగారు. "సరి. రెండు రోజులు చూద్దాం. ఏ సొరుగూ తెరవకు," అన్నారు చివరికి.

రెండు రోజుల తర్వాత సెలవు పెట్టి సొరుగులు తెరిచాను. మొదటివి బాగానే ఉన్నాయి. కిందివాటిలో లేత ఆకుపచ్చ చుక్కలు, ముగ్గుపిండి చల్లినట్టు. గద్ద మెడ మీద ఒకటి. ఏనుగు పొట్ట మీద నాలుగైదు. లంగరు ముద్ర పక్కన ఒకటి.

ఆయన వీడియో కాల్‌లో కూర్చున్నారు. ఫోన్‌ని టీ డబ్బాకు ఆనించి, ఆయన చెప్పినట్టల్లా చేశాను. జబ్బుపడ్డ నాణేన్ని విడిగా తీయాలి. చెక్క పుల్లతో పొడి గోకాలి, పనిముట్టుతో వద్దు, నా చెయ్యి అలవాటు పడినది కాదు. ఆ పొడి వేరే నాణెం మీద పడకూడదు. గోకాక స్వేదనజలంలో వెయ్యాలి. ప్రతి నాణేనికీ వేరే గిన్నె. గిన్నెలు చాలక చివరికి కాఫీ కప్పులు, ఊరగాయ సీసా మూతలు కూడా పెట్టాను.

"మెల్లగా అమ్మా. ఇంకొంచెం ఎడంపక్క. అదీ. ఏనుగు కాలు పట్టుకో, తొండం పట్టుకోకు."

వంగి గోకుతుండగా గుడ్డ మీద టప్పున ఒక ఎర్రటి చుక్క పడింది. వెనకే ఇంకోటి. నాకది కొత్త కాదు, ఆ గదిలో వారానికోసారి ముక్కు నుంచి రక్తం వచ్చేది. జేబు రుమాలు ముక్కుకు అదుముకుని రెండో చేత్తో నాణెం పక్కకు జరిపాను.

"అయ్యో, రక్తం నాణెం మీద పడిందా? అందులోనూ ఉప్పు..." అన్నారాయన.

వెంటనే అవతల్నుంచి ముసలి గొంతు గట్టిగా వినిపించింది. "అలమాక్! ఒరేయ్, ఆ పిల్ల ముక్కు నుంచి నెత్తురు కారుతోంటే బిళ్ళ సంగతి అడుగుతావేంరా? ఇటియ్యి ఫోను."

తెర ఊగింది. మంచంలో దిండుకు ఆనుకున్న పెద్దావిడ ముఖం కనిపించింది. వెండి జుట్టు, పెద్ద బొట్టు.

"నీ మొహం సరిగా చూపించు అమ్మాయీ. పెదాలేంటి అట్లా పగిలాయి? ఎన్నాళ్ళ నుంచి ఇట్లా?"

"ఏం లేదు ఆంటీ. గది కొంచెం పొడిగా ఉంటుంది."

"కిటికీ తెరువు."

"తెరవకూడదు ఆంటీ."

ఆవిడ తమ్ముడి వైపు తిరిగారు. ఫోన్ ఆవిడ ఒళ్ళో పడిపోయింది. నాకు పైకప్పు, ఫ్యాను మాత్రమే కనిపిస్తున్నాయి. "రాగి ముక్కల కోసం ఒకరి బిడ్డని డబ్బాలో పెట్టి మూత పెట్టావా? నీ నడుము నొప్పా? నిన్న నన్ను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది ఎవర్రా? నీళ్ళ తొట్టె నువ్వు ఎత్తలేవా? సాయంత్రం ఒక మనిషి ఇంటికి రావాలి, టీ తాగాలి, అంతే కదా నీకు కావలసింది? ఆ మాట నోరు తెరిచి అడగరాదా?"

కాసేపటికి కాల్ కట్ అయింది. నేను ముక్కు పట్టుకుని ఆ కప్పుల మధ్య కూర్చున్నాను. వినకూడనిది విన్నట్టు సిగ్గేసింది. ఆయన మీద జాలి కలిగింది. ఆ జాలి వెనకే, ఇక ఈ ఇంట్లోంచి కదలడం మరీ కష్టమన్న భయం పట్టుకుంది.

ఆ వారాంతానికి ఆయన వచ్చేశారు. అక్కగారు కర్ర పట్టుకుని నడుస్తున్నారట, చూసుకోవడానికి ఒకమ్మాయిని పెట్టి వచ్చారు. వచ్చీ రాగానే నాణేల దగ్గరికి వెళ్ళలేదు. తన పడకగది తలుపు తీసి, అందులోంచి బట్టలు మోసుకురావడం మొదలుపెట్టారు.

"ఏం చేస్తున్నారంకుల్?"

"నువ్వు ఈ గదిలోకి రా. నేను అక్కడ పడుకుంటాను. బాడుగ అదే."

"వద్దంకుల్, ఇది మీ గది. మీరూ మీ ఆవిడా ఉన్న గది. నేను ఎట్లా..."

"మీ ఆంటీకి కిటికీ మూస్తే నచ్చేది కాదు," అన్నారు. "ఆమె ఉన్నన్నాళ్ళూ కొట్లాటే. తెరిచి ఉంచే మనిషి అక్కడ ఉంటే ఆమె సంతోషిస్తుంది."

నేను ఎంత వద్దన్నా వినలేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరం మంచాలు మార్చుకున్నాం. పరుపు ఒక చివర ఆయన ఒక్కరే ఎత్తారు, నడుము మాట ఎవరమూ ఎత్తలేదు. అక్కగారు అన్న మాటల గురించి ఆయన ఆ రోజూ మాట్లాడలేదు, తర్వాత కూడా మాట్లాడలేదు.

జబ్బుపడ్డ నాణేల్లో చాలామటుకు నిలబడ్డాయి. ఏనుగు పోయింది. నీళ్ళలోంచి తీసేసరికి పొట్ట దగ్గర కన్నం పడి ఉంది. ఆయన దాన్ని అరచేతిలో కాసేపు పెట్టుకుని, సొరుగులో కాకుండా విడిగా చిన్న డబ్బాలో వేసి మూత పెట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు తేలిగ్గా ఉండేది.

పెద్ద గదిలో మొదటిసారి నిద్ర లేచినప్పుడు కోయిల కూత విన్నాను. ముఖం మీద తడిగాలి తగిలింది. వారం తిరిగేసరికి నా పుస్తకాల అట్టలకు బూజు పట్టింది, బట్టలు ముక్కవాసన కొట్టాయి. అయినా కిటికీ మూయలేదు. నాకు ముక్కు నుంచి రక్తం రావడం ఆగిపోయింది. గోడ అవతల ఆయన పొడి దగ్గు మొదలైంది. పొద్దున్నే తొట్టె మోసుకెళ్తున్న చప్పుడు వినిపిస్తే లేచి వెళ్ళి అందుకోబోయేదాన్ని. "వద్దులే అమ్మా, నేను చేస్తాను," అనేవారు. ఇప్పుడు నేను సాయంత్రం ఎప్పుడొచ్చినా అడిగేవాళ్ళు లేరు. అయినా అదే వేళకు వచ్చేస్తున్నాను. చవగ్గా చిన్న గదిలో ఉన్నప్పుడు వదిలేసి పోవడానికి కనీసం ఒక కారణం ఉండేది. ఆయన గదిలో, ఆయన కిటికీ పక్కన పడుకుంటూ పోతానని ఏ నోటితో చెప్పను?

మొన్న ఒక ఆదివారం ఆయన్ని బలవంతంగా బయటికి తీసుకెళ్ళాను. బస్సెక్కి వెస్ట్ కోస్ట్ పార్క్‌కి. సముద్రం ఒడ్డున రాతిగట్టు మీద కూర్చున్నాం. దూరంగా ఓడలు నిలబడి ఉన్నాయి. ఆయన రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని కూర్చున్నారు, ఉప్పుగాలి తగలకుండా. ఉండుండి ఫోన్ తీసి, గదిలో కొత్తగా పెట్టించిన మీటరు పంపే అంకె చూసుకుంటున్నారు. అంకె బాగానే ఉంది. అయినా ఐదు నిమిషాలకోసారి చూస్తున్నారు.

"వచ్చే నెలతో మన అగ్రిమెంటు అయిపోతుంది కదమ్మా," అన్నారు, నావైపు చూడకుండా. "ఇంకో ఏడాది ఉంటావా? వేరే చోటు చూసుకున్నా ఫరవాలేదు. నిజంగా. నేనేం అనుకోను."

ఆ మాట ఆయన ఎన్నిరోజులు మనసులో చెప్పుకుని చెప్పుకుని తెచ్చారో తెలుస్తూనే ఉంది. తలుపు తెరిచి పక్కకు నిలబడ్డట్టే అది. నేను కాదనొచ్చు. కాదనడానికి నోరు కూడా తెరిచాను.

"ఉంటానులే అంకుల్," అన్నాను.

ఆయన తలూపారు. ఫోన్ ఇంకోసారి చూసుకుని, ఇక పోదామా అని లేచారు. మేం వచ్చి ఇంకా అరగంట కూడా కాలేదు. బస్‌స్టాప్ పక్కన కుళాయి ఉంటే మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు. నేను కూడా వంగి కడుక్కున్నాను. బస్సు వచ్చింది.